చిలుము కింద కాడ

ఆర్డిస్ హాక్‌మన్ పోయిన వారానికి మా నాణేల క్లబ్బువాళ్ళు నా దగ్గరికొచ్చి, "ఎల్వుడ్, ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాసిపెట్టు, పత్రికలో వేస్తాం" అన్నారు. నాలుగు మంచి మాటలైతే శవపేటిక మోసినవాళ్ళెవరైనా రాస్తారు, దానికి నేనెందుకు? ఆర్డిస్ తన గురించి ఎవరైనా మంచిగా మాట్లాడితే అనుమానంగా చూసే మనిషి. నేను నలభై ఏళ్ళు లెబనాన్ అనే ఈ చిన్న ఊళ్ళో క్షవరం షాపు నడిపాను. నా కుర్చీలో కూర్చుని ఎవరు ఎవరి గురించి ఏమన్నారో అన్నీ చెవిన పడ్డాయి. ఆర్డిస్ గురించి మాత్రం అందరిదీ ఒకటే మాట. ఆవిడ చెప్పిందంటే ఇక తిరుగు లేదు. కొందరు మెచ్చుకుంటూ అనేవారు, కొందరు కడుపుమంటతో అనేవారు. నేను జరిగింది జరిగినట్టు రాస్తాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే మానుకోండి.

ఆవిడ ఉద్యోగం పళ్ళ డాక్టరు దగ్గర. ముప్పై నాలుగేళ్ళు ఈ జిల్లా జనం పళ్ళ గార గీకింది. గీకుతూ చీవాట్లు పెట్టేది. నోట్లో కొక్కెం ఉన్నప్పుడు ఎదురు మాట్లాడలేం కదా, అదే ఆవిడకి అలవాటైపోయిందని మా ఆవిడ అనేది. ఇక ఇంటికొస్తే రాగి. మా దేశం మొట్టమొదట కొట్టిన రాగి సెంట్లు, ఇప్పటి అర డాలరంత పెద్దవి. ఆ రోజుల్లో టంకశాలలో అచ్చుల్ని మనుషులు చేత్తో చెక్కేవారు. అందుకని సెంటు వెనక ఉండే ఆకుల దండలో, ఒక అచ్చులో ఆకు ఇటు వాలితే ఇంకో అచ్చులో అటు వాలుతుంది, ఒక దాంట్లో పండుకి కాడ ఉంటుంది, ఇంకో దాంట్లో ఉండదు. ఫలానా అచ్చుతో కొట్టినవి లోకంలో ఎన్ని మిగిలాయి, మిగిలినవి ఎంత బాగా మిగిలాయి, ఈ రెండు ప్రశ్నలతోనే మాలాంటివాళ్ళ బతుకులు తెల్లారిపోతాయి. పిచ్చి అంటారా, అనండి. మీ పిచ్చి మీకు ఉండదా?

మా క్లబ్బులో ఈ రెండు ప్రశ్నలకీ జవాబు రాసే పెద్ద పుస్తకం ఆర్డిస్ చేతిలో ఉండేది. ఏ అచ్చువి ఎన్ని ఉన్నాయి, వాటిలో మేలైనవి ఏవి, ఎవరి దగ్గర ఉన్నాయి, అంతా అందులో ఉంటుంది. నాణేనికి డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేస్తాం. ఆవిడ చేతిలో పడితే గీతకి రెండు, నొక్కుకి మూడు, ఎప్పుడో ఎవరో తోమి ఉంటే పది ఎగిరిపోయేవి. ఆవిడ భర్త రే పాల ట్యాంకరు తోలేవాడు, సరదా మనిషి. "పెళ్ళినాడు నీకెన్ని తగ్గించిందిరా?" అని ఒకసారి షాపులో అడిగితే, "ఎడమ చెవికి ఐదు" అన్నాడు. ఆ చెవి నిజంగానే వంకర.

ఆ కాఠిన్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కసారి చెప్పింది. పదకొండేళ్ళప్పుడు తాతగారి గుండీల డబ్బాలో నల్లటి సెంటు ఒకటి దొరికిందట. ముసలాయనకి బహుమతిగా ఇద్దామని ఉప్పూ వెనిగరూ వేసి గంటసేపు తోమింది. అది గులాబీ రంగులో తళతళలాడింది. తాత దాన్ని తిప్పి చూసి, "చంపేశావు కదే తల్లీ" అన్నాడట. తిట్టలేదు, కొట్టలేదు, అంతే. రాగికి నూట యాభై ఏళ్ళ మీద వచ్చే ఆ గోధుమ రంగు తోలు ఒకసారి పోతే మళ్ళీ రాదని ఆ రోజు తెలిసిందంది. అప్పటినుంచి ఎవరు నాణెం తెచ్చినా ముందు అనుమానించడమే ఆవిడ పని.

ఇక లామర్ స్ట్రోమ్ సంగతి. లామర్ మా ఊరి దాణా మిల్లులో కాటా దగ్గర ఉండేవాడు. రైతుల మొక్కజొన్న బళ్ళు తూచి చీటీ రాసిచ్చే పని. నిదానం మనిషి. 1958లో పాత సత్రం పడగొట్టిన చోట మట్టి తిరగేస్తుంటే అతనికి పదిహేడు వందల తొంభై ఎనిమిది నాటి సెంటు దొరికింది. బాగా అరిగిపోయింది, దండలో సగం ఆకులు కనిపించవు. కానీ ఎడమ పక్క ఒక పండు దగ్గర కాడ బయటికి తిరిగి ఉందని అతనంటాడు. ఆ సంవత్సరంలో రెండు అచ్చులు కవల పిల్లల్లా ఉంటాయి. కాడ లోపలికి తిరిగితే మామూలుది, ఎవరింట్లోనైనా దొరుకుతుంది. బయటికి తిరిగినవైతే అప్పటికి లోకం మొత్తం మీద నాలుగే ఉన్నాయి. లామర్‌ది ఐదోది అవుతుంది.

ఇప్పుడు అతని తెలివి చూడండి. అంత వస్తువుని భద్రంగా ఉండాలని నేలమాళిగలో దాచాడు. మా వైపు నేలమాళిగ అంటే ఏముంటుంది, పులియబెట్టిన క్యాబేజీ జాడీలుంటాయి. వాళ్ళమ్మ ఏటా నాలుగు జాడీలు పెట్టేది. ఆ పులుపు ఆవిరికి రాగి ఏమవుతుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పదేళ్ళ తర్వాత డబ్బా తీసి చూస్తే సరిగ్గా ఆ పండు ఉన్నచోట పచ్చటి చిలుము పెచ్చు కట్టి కూర్చుంది. బొటనవేలి గోరులో సగమంత.

1971లో అతను దాన్ని మా క్లబ్బు మీటింగుకి తెచ్చాడు. ఫైర్ స్టేషను మేడ మీద గది, ప్రతి నెలా రెండో గురువారం. ఇరవై మందిమి ఉన్నాం. లామర్ నిలబడి, "చిలుము పట్టకముందు నేను చూశాను. కాడ బయటికే ఉంది. పుస్తకంలో రాయండి" అన్నాడు.

ఆర్డిస్ భూతద్దం పెట్టి చూసి, కింద పెట్టింది. "ఇంకెవరు చూశారు?"

"నేనొక్కణ్ణే."

"నేను నిన్న పెరట్లో యునికార్న్‌ని చూశాను. నేనొక్కదాన్నే" అంది. గది ఘొల్లుమంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ ఆగలేదు. "ఆ జాడీల పక్కన నాణెం ఒక్కటే పులవలేదు లామర్, నీ కథ కూడా పులిసింది."

అందరం నవ్వాం. నేను ముందు వరసలో కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాను. లామర్ నాణేన్ని గుడ్డలో చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆ మాట వారంలో ఊరంతా పాకింది. పులుపు లామర్ అని పేరు పెట్టారు. పేరుతో పోతే పోనీ అనుకోవచ్చు, అతని పని ఏమిటి? కాటా. రైతు బండి దిగి, "సరిగ్గా చూశావా లామర్, ఇంకెవరైనా చూశారా?" అని వేళాకోళమాడేవాడు. మొదట వేళాకోళమే. తర్వాత కొందరు నిజంగానే రెండోసారి తూచమన్నారు. రెండేళ్ళకి మిల్లు యజమాని అతన్ని కాటా నుంచి తీసి బస్తాలు కుట్టే చోట వేశాడు. అక్కడే పదహారేళ్ళు పని చేసి, 1989లో పక్షవాతం వచ్చి పోయాడు. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అనుంటే మాకు తేలిగ్గా ఉండేది.

అతని తమ్ముడు వెండెల్ బడి బస్సు తోలేవాడు, నాకు చిన్నప్పటినుంచీ స్నేహితుడు. 1996 ఏప్రిల్లో ఒక పొద్దున్న గొంతు మాత్రల డబ్బా పట్టుకుని నా వంటింట్లోకి వచ్చాడు. మూత తీశాడు. లోపల దూదిలో లామర్ సెంటు.

"చూడరా. పెరుగుతోంది."

చూశాను. పెచ్చు అంచు చుట్టూ లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది. రాగికి పట్టే చావు రోగం అది. పట్టిందంటే తినుకుంటూ పోతుంది.

"నువ్వు ఆర్డిస్ దగ్గరికి తీసుకెళ్ళాలి" అన్నాడు. "నేను ఆవిడతో మాట్లాడను. నువ్వు మాట్లాడు."

"ఆవిడ దగ్గరికా? లోకంలో మనుషులే లేనట్టు."

"చిలుము తీసే చేతులున్న మనుషులు లేరు. ఆవిడ చేతుల్ని నమ్ముతాను. ఆవిణ్ణి కాదు."

నాకు మనసులో ఒప్పలేదు. ఎందుకంటే చిలుము కింద కాడ బయటికి తిరిగి ఉందంటే, పాతికేళ్ళ కిందట ఒక నిజాయితీపరుణ్ణి పదిమందిలో అబద్ధాలకోరుని చేసింది ఆవిడేనని తేలిపోతుంది. అటువంటి మనిషి చేతికే నాణెం ఇచ్చి చిలుము తవ్వమంటామా? పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టే. అయినా బండి తీశాను.

ఆర్డిస్‌కి అప్పటికి డెబ్బై ఒకటి. రే పోయి మూడేళ్ళు. తలుపు తీసి, నా వెనక వెండెల్‌ని చూసి, ఒక్క క్షణం తలుపు గుబ్బ వదల్లేదు. తర్వాత పక్కకి జరిగింది. నాణేన్ని తన మైక్రోస్కోప్ కింద పెట్టుకుని చాలాసేపు చూసింది. డాక్టరు రిటైరైనప్పుడు ఆవిడకిచ్చిన మైక్రోస్కోప్ అది.

"పొడి రాలడం ఎప్పుడు మొదలైంది?"

"నిరుడు చలికాలం అని చెప్పు" అన్నాడు వెండెల్ నాతో. ఆవిడ రెండడుగుల దూరంలో ఉంది.

"ఇలా వదిలేస్తే ఇంకో ఏడాదికి ఆ పక్క అంతా పోతుంది. తీస్తే మూడు రకాలు. కింద రాగి బాగుంటే కాడ ఎటుందో తెలుస్తుంది. రాగిని తినేసి ఉంటే గుంట తప్ప ఏమీ ఉండదు. లేదా కాడ లోపలికి తిరిగి ఉంటుంది, మామూలుది." అప్పుడు సూటిగా వెండెల్ వైపే చూసింది. "మూడోదైతే ఏం చేస్తారు?"

వెండెల్ ఈసారి నా మీదుగా మాట్లాడలేదు. నేలకేసి చూస్తూ అన్నాడు. "మా అన్న అబద్ధం ఆడాడని తెలుస్తుంది. ఏడేళ్ళుగా సమాధి దగ్గరికెళ్ళి నిలబడుతున్నాను. ఏమనాలో తెలియట్లేదు. ఏదో ఒకటి తెలియాలి."

నేను ఆవిణ్ణి వాకిట్లోకి పిలిచి, "దీన్ని ముట్టుకోకు ఆర్డిస్. ఏది జరిగినా నువ్వే కావాలని చేశావంటారు" అన్నాను.

"అంటారు. మరి ఎవరికిద్దాం, నీకా? నువ్వు గడ్డాలే కోశావు."

తొమ్మిది రోజులు దాన్ని రంగులు కరిగించే ద్రావకం జైలీన్‌లో నానబెట్టింది. ఆ పెయింటు కంపుకి ఇల్లంతా కిటికీలు తీసి పెట్టుకుని కోటు వేసుకుని కూర్చుందట. పదో రోజు శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి రమ్మంది.

వెళ్ళేసరికి వంటింటి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి ఉంది. ఇనప సూది ఆవిడ ఎప్పుడూ వాడేది కాదు, ఇనుము రాగిని గీస్తుంది. కంచె మీది హాథార్న్ చెట్టు ముళ్ళు చలికాలంలో కోసి, ఏడాది ఎండబెట్టి, పిడికి బిగించి వాడేది. ముల్లు చిలుము కన్నా గట్టి, రాగి కన్నా మెత్తన. ఇరవై ఏళ్ళుగా మా అందరి నాణేలూ ఆ ముళ్ళతోనే బాగుపడ్డాయి. ఒక్కటీ చెడలేదు.

వెండెల్ ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. టోపీ తియ్యలేదు. బెల్లం పాకం పోసి కాల్చిన తీపి రొట్టె కోసి పెట్టింది, ఎవరూ ముట్టుకోలేదు.

మొదట కుంచెతో పొడి దులిపింది. తర్వాత ముల్లు మొన అంచు మీద ఆనించి, నొక్కీ నొక్కనట్టు నొక్కింది. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కింది. పావుగంట అలాగే. నాకు వీపు చెమట పట్టేసింది, చేస్తున్నది నేనేం కాదు. చివరికి ఆవగింజంత ముక్క లేచింది.

"కింద రాగి ఉంది" అంది. "గోధుమ రంగు. బాగుంది."

వెండెల్ లేచాడు. ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి చోటిచ్చింది. అతను కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, వెళ్ళి కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

రెండు దాటింది. అంచు వెంబడి ఇంకో మూడు ముక్కలు లేచాయి. ఆకు మొన బయటపడింది, వెండెల్ దాన్నీ చూశాడు. "ఆకు" అన్నాడు నాతో, నాకేదో తెలియనట్టు. నాకూ ఆశ పుట్టింది. ఆ ఆకు పక్కనే పండు, పండు పక్కనే కాడ. ఇంకో గింజంత మేర. అక్కడే పెచ్చు బాగా మందం.

ఆర్డిస్ ముల్లు మార్చింది. ఇక అక్కడినుంచి ఎంత నెమ్మదిగా చేసిందంటే చెయ్యి కదులుతోందో లేదో తెలియలేదు. పెచ్చుని పైపైన పొరలు పొరలుగా పలచన చేస్తోంది. వీధిలో ఎవరో గడ్డి కోసే యంత్రం మొదలుపెడితే వెళ్ళి ఆపమని చెప్పొద్దామా అనిపించింది. మూడున్నర అయింది. ఆవిడ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

మైక్రోస్కోప్ మీదికి వంగిన మనిషి వంగినట్టే ఉంది. తర్వాత చాలా నెమ్మదిగా, "వెండెల్, లేచి నా పక్కకి రా. బల్ల కదపకు" అంది.

అతను లేచాడు. బల్ల కదపలేదు, నేను సాక్షి. అతనికి చోటివ్వాలంటే ఆవిడ తల తియ్యాలి, తల తియ్యాలంటే ముందు ముల్లు బయటికి తియ్యాలి. తీసింది. తీస్తుంటే ఆవిడ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, చలినీళ్ళలో కాలు పెట్టినప్పుడు వచ్చేలాంటిది.

"ఏమైంది?" అన్నాడు వెండెల్.

ఆర్డిస్ మళ్ళీ చూసింది. చాలాసేపు చూసింది. అద్దంలో మనుషుల ముఖాలు చూస్తూ నలభై ఏళ్ళు గడిపినవాణ్ణి, నాకు ముఖాలు తెలుసు. ఆవిడ తలెత్తినప్పుడు ఆ ముఖంలో రెండు దారులు కనిపించాయి. ఒకటి చాలా సుఖమైన దారి. ఒక్క మాట చాలు దానికి. గుంట, ఏమీ లేదు. అది అబద్ధం కూడా కాదు, ఆ క్షణానికి అక్కడున్నది గుంటే.

"కాడ ఉంది" అంది. "బయటికి తిరిగి ఉంది. మీ అన్న చెప్పినట్టే."

వెండెల్ కళ్ళు మూసుకుని తెరిచాడు. "చూడనీ."

"ఇప్పుడు లేదు."

అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆవిడ ముల్లు పిడి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. "కాడ చిలుము కింద లేదు, చిలుములోనే ఉంది. అక్కడ రాగి అంతా ఎప్పుడో చిలుమైపోయింది. అయినా ఆకారం పోలేదు, ఎర్రటి గీతలా నిలబడే ఉంది. నేను చూశాను. నిన్ను పిలుద్దామని ముల్లు తీస్తే, మొన దాని కింద ఇరుక్కుని ఉంది. దాంతోపాటే లేచి పొడైపోయింది."

వెండెల్ వంగి చూశాడు. గుంట. గుడ్డ మీద చిటికెడు ఆకుపచ్చ పొడి.

"నువ్వు పోగొట్టావు" అన్నాడు.

"అవును."

"పాతికేళ్ళ కింద వాణ్ణి పోగొట్టావు. ఇవాళ దీన్ని."

"అవును."

అతను నాణేన్ని డబ్బాలో పెట్టుకున్నాడు. టోపీ మర్చిపోయి కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియదు. "ఎందుకు చెప్పావు? గుంట అంటే సరిపోయేది కదా. వాడికీ కొంత శాంతి, నీకూ పరువు" అన్నాను.

ఆవిడ గుడ్డ మడుస్తోంది. "ఆ రోజు నువ్వు ముందు వరసలో కూర్చుని నవ్వావు, కదా ఎల్వుడ్?"

"నవ్వాను."

"అయితే నోరు మూసుకుని ఆ టోపీ తీసుకెళ్ళి ఇవ్వు."

మే నెల రెండో గురువారం మీటింగుకి ఆవిడ మాట్లాడతానని ముందే చెప్పింది. సాయంత్రం ఏడు, బయట ఇంకా ఎండ ఉంది, కింద ఫైరింజన్ కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ముప్పై మంది దాకా వచ్చారు. వెండెల్‌ని నేను పిలవలేదు, తనే వచ్చాడు. ఎప్పుడూ ఆ మెట్లెక్కని మనిషి వచ్చి చిట్టచివర తలుపు పక్కన నిలబడ్డాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

ఆర్డిస్ కాగితం తెచ్చుకోలేదు. "1971లో ఈ గదిలో లామర్ స్ట్రోమ్ తన నాణెం గురించి ఒక మాట చెప్పాడు. నేను అతన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను. పోయిన నెల ఆ నాణేన్ని నేనే శుభ్రం చేశాను. కాడ బయటికే ఉంది. నా కళ్ళతో చూశాను. చూసిన మరుక్షణం నా చేత్తో నేనే పాడు చేశాను. అతను చెప్పింది నిజం." అంతే. కానీ ఆవిడకి గొంతు సగంలో బొంగురుపోయింది, చివరి మాట ముందు రెండు వరసలు దాటలేదు.

కెర్రీ నోల్ అని ముప్పై ఐదేళ్ళవాడు, నాణేల వ్యాపారి, మర్యాద తెలిసినవాడు, లేచాడు. "అయితే పుస్తకంలో ఐదోదిగా రాస్తున్నారా అండీ?"

"రాయట్లేదు."

"మీరు చూశారు కదా."

"ఇంకెవరూ చూడలేదు. లామర్ కూడా ఒక్కడే చూశాడు, అప్పుడు నేను రాయలేదు. అతని మాటకొక న్యాయం, నా మాటకొక న్యాయం ఎలా పెట్టను?"

కెర్రీ, "ఏమనుకోకండి. మీకు నిరుడు కంటి ఆపరేషనయింది. పెచ్చు అంచు నీడ పడి ఉండొచ్చు కదా. పైగా మీకూ మనసులో అతని గురించి..." అని ఆపేశాడు.

నాకు రెండు కుర్చీల అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంకెవరో బూట్లకేసి చూసుకున్నారు. గదిలో సగం మంది ఆవిణ్ణి నమ్మలేదు. పాతికేళ్ళు ఆవిడ మాటే చట్టమనుకున్న గది అది. ఆర్డిస్ చెవులు ఎర్రబడ్డాయి. నాలుక మీదికి ఏదో వచ్చింది, వచ్చిందని నాకు తెలుసు, ఆవిడ నాలుక ఎలాంటిదో తెలియనివాళ్ళం కాదు. మింగేసింది.

"అనుకోవచ్చు" అంది కెర్రీతో. "నువ్వు అలా అనుకోవడం న్యాయమే."

కూర్చోబోయింది. కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపింది.

"ఆర్డిస్." వెండెల్ తలుపు దగ్గర్నుంచి పిలిచాడు. కోపంగా కాదు, మెత్తగానూ కాదు. "నీడ కాదని నాకు తెలుసు. ఆ రోజు నీ ముఖం చూశాను. కానీ చివర ఉన్నవాళ్ళకి వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

ఆవిడ కుర్చీ వదిలేసింది. మా అందరినీ దాటి తలుపు వైపే చూస్తూ నిటారుగా నిలబడింది.

"లామర్ స్ట్రోమ్ అబద్ధం ఆడలేదు" అంది. "ఆడాడని నేనన్నాను. తప్పు నాది."

కింద నీళ్ళ పైపు చప్పుడు ఆగింది. ఫైరింజన్ కడిగేవాళ్ళకి కూడా వినపడింది.